పెద్దవారి పింఛను: ఏటేటి సాక్ష్యమునకు ఇంటివారి సన్నాహము

మీ యింట ఎనుబదియేండ్లు దాటిన పెద్దవారొకరున్నారనుకొందము. వారు కేంద్రప్రభుత్వోద్యోగమునుండి విశ్రాంతి గొన్నవారు కావచ్చును. ఉద్యోగియై గతించిన భర్తమూలమున కుటుంబ పింఛను పొందుచున్న యిల్లాలు కావచ్చును. లేక జీవితమంతయు పొలము పనిలో గడపి, నేడు ప్రభుత్వమిచ్చు వృద్ధాప్యపు పింఛనుతో మందులు కొనుకొనుచున్న అవ్వ కావచ్చును. వారెవరైనను, తాము సజీవులై యున్నామనియు, ఆ సొమ్మునకు తామే అర్హులమనియు అప్పుడప్పుడు నిరూపించుకొనక తప్పదు. ఆ నిరూపణము పేరునకు వారిది. పని మాత్రము మీది. ఫారములు నింపువారు మీరు, ఆటో పిలుచువారు మీరు, యంత్రము వేలిముద్రను గుర్తింపనపుడు కౌంటరు ముందు దిక్కుతోచక నిలుచువారును మీరే. ఈ యధ్యాయము మీకొరకే వ్రాయుచున్నాను.

ఈ దృశ్యమును మీరు చూచియే యుందురు. నవంబరు నెలాఖరు. బ్యాంకులో కాలుపెట్ట చోటులేదు. ఎనుబదియెనిమిదేండ్ల అవ్వ ప్లాస్టిక్కు కుర్చీలో ముడుచుకొని కూర్చున్నది. ఆమె కుడిచేతి బొటనవ్రేలిని మనుమడు పట్టుకొని యంత్రముమీద నాలుగవమారు అదుముచున్నాడు; యంత్రము నాలుగవమారును కాదనుచున్నది.

"నేను బతికున్నానని ఇంకొకళ్లు చెప్పాల్రా?" అని అవ్వ అడిగినది.

"ఊరుకో అమ్మమ్మా, వేలు గట్టిగా పెట్టు" అని అతడనెను.

ఆ మనుమడు దుష్టుడు కాడు; అరపూట సెలవు పెట్టి, అమ్మమ్మను ఎత్తుకొన్నంత పనిచేసి తెచ్చినవాడు. అయినను అతడు మూడు పొరపాట్లు చేసినాడు. గడువు చివరి దినములవరకు ఆగినాడు. ఎందుకు పోవుచున్నామో ఆమెకు ముందుగా చెప్పలేదు. వేలిముద్ర పడనిచో రెండవ మార్గమేదో తెలిసికొని రాలేదు. ఈ మూడును ఇంటివద్దనే దిద్దుకొనదగినవి గదా?

మొదట ఆ అవ్వ ప్రశ్నకు సమాధానము చెప్పవలెను. చెప్పకుండ తరువాతి మెట్లు ఎక్కుట న్యాయము కాదు. ప్రభుత్వము ఇట్లెందుకడుగును? జపాను దేశమున 2010 జూలైలో ఒక సంగతి బయటపడినది. టోక్యో నగరమున నూటపదకొండేండ్ల వృద్ధుడుగా పట్టికలలో నిలిచియున్న మనుష్యుడు సుమారు ముప్పదియేండ్లకు పూర్వమే మరణించి, తన గదిలోనే శుష్కించి పడియుండుటను అధికారులు కనుగొనిరి. ఆయన బ్రదికియున్నట్లే పింఛను చెల్లుచుండెను, ఇంటివారు శిక్షార్హులైరి. అంతట ఆ ప్రభుత్వము తన కుటుంబ పట్టికలను వెదకింపగా, నూరేండ్లు పైబడినట్లు వ్రాయబడి, ఉనికి తెలియనివారు 2,34,354 మంది తేలిరి. వీరందరి పేరిట మోసము జరిగినదని తలపవలదు; యుద్ధములలో పోయినవారు, దేశాంతరము వెడలినవారు, మరణము నమోదు కానివారు అందులో పెక్కుమంది. పట్టికలోని తప్పు వేరు, పింఛను కాజేయుట వేరు. కాని ఆ రెంటిని వేరుచేసి చూపగలిగినది ఒక్కటే: ఎవరో ఒకరు పోయి ఆ మనిషిని కంటితో చూచుట. కావున అవ్వతో మీరు చెప్పవలసిన మాట ఇది: "నిన్ను అనుమానించి కాదమ్మమ్మా. నీ పేరుతో ఇంకెవరూ తినకుండా చూసుకోడానికి."

ఇక పని.

1. ఆ పింఛను ఏ తరగతిదో మొదట తెలిసికొనుడు. ఇది చిన్న విషయమువలె కనబడును. కాని చిక్కులలో సగము ఇక్కడనే పుట్టుచున్నవి. కేంద్రప్రభుత్వ పింఛనుదారులు ప్రతి సంవత్సరము నవంబరులో జీవన ప్రమాణ పత్రము సమర్పింపవలెను. భవిష్యనిధి సంస్థ నుండి ఇ.పి.ఎస్.-95 పింఛను పొందువారికి నెల నిర్బంధము లేదు. ఎప్పుడిచ్చినను ఆ నాటినుండి ఏడాదిపాటు చెల్లును. రాష్ట్రప్రభుత్వ విశ్రాంతోద్యోగులకు ట్రెజరీవారు నిర్ణయించు నెలలు వేరు. నిరుటి రసీదుమీది తేదిని చూచి, ఈ యేటి ప్రకటనతో సరిపోల్చుకొనుడు. వృద్ధాప్యపు పింఛను మార్గము మరియొకటి. ఆంధ్రప్రదేశమున ఎన్‌.టి.ఆర్. భరోసా పేరిట నెలకు 4,000 రూపాయలు గ్రామ, వార్డు సచివాలయ సిబ్బంది ఇంటికే తెచ్చి, గుర్తింపు చూచుకొని చేతికిచ్చుచున్నారు. అనగా అక్కడ నిరూపణము ఏటికొకమారు గాక నెలనెలా జరుగుచున్నది. అందుచేత కూతురింట నాలుగు నెలలు గడపుటకు అవ్వ పొరుగూరు పోయినపుడు, ఆ మాట సచివాలయమున ముందుగా చెప్పి ఏర్పాటు చేసికొననిచో, వరుసగా నెలలు తప్పి, వలసపోయినదని తలచి పింఛను నిలిపివేయు ప్రమాదము గలదు. మీ యింటి పెద్దవారిది ఇందులో ఏది? ఇద్దరి పేర రెండు రకములున్నచో, ఒక పాత పుస్తకములో రెండింటిని విడివిడిగా వ్రాసి గోడ క్యాలెండరు ప్రక్కన వ్రేలాడదీయుడు.

2. అక్టోబరును వదలుకొనవలదు. ఎనుబది నిండిన కేంద్ర పింఛనుదారులకు నవంబరువరకు ఆగనక్కరలేకుండ, అక్టోబరు 1వ తేదినుండియే పత్రమును సమర్పించు వెసులుబాటు 2019లో కల్పింపబడినది. అయినను ఎన్ని యిండ్లలో దీనిని వినియోగించుకొనుచున్నారు? ఒక నెల ముందు పోయినచో జనసమ్మర్దము లేదు; తప్పు దొర్లిన దిద్దుకొనుటకు వ్యవధి కలదు; పెద్దవారికి జ్వరము వచ్చినచో మరియొక దినము చూచుకొనవచ్చును. ఇంత మేలు ఉచితముగా లభించుచుండగా నవంబరు నెలాఖరు దాక ఆగుటయెందుకు?

3. ముందునాడే చెప్పుడు. రేపు ఉదయము ఎవరు వత్తురో, ఏమి అడుగుదురో, ఎంతసేపు పట్టునో, తొందరలేని గొంతుతో చెప్పుడు. వారి పీ.పీ.ఓ. (పింఛను చెల్లింపు ఉత్తర్వు) కాగితమును వారి చేతికే ఇచ్చి, అందులోని పేరును చదివింపుడు. చెవి వినబడనివారైనచో పెద్ద అక్షరములతో వ్రాసి చూపుడు. మతిమరుపు ముదిరినవారైనచో మరునాడు మరల చెప్పవలసి వచ్చును; అప్పుడును విసుగుకొనవలదు. చాలమంది ఈ మెట్టును కాలహరణమని దాటివేయుదురు. పది నిమిషముల ఈ మాటవలన మరునాటి అరగంట పెనుగులాట తప్పుచున్నదని నేను ప్రత్యక్షముగా నెరుగుదును.

4. వేలు పడనిచో ముఖము, ముఖము పడనిచో కన్ను. అరువదియేండ్లు నాట్లువేసి, అంట్లుతోమి, రోటిపచ్చడి నూరిన చేతివ్రేళ్ళపై రేఖలు మిగులునా? ముద్ర పడకపోవుట ఆ వృద్ధురాలి దోషము కాదు. 2014 నవంబరులో ఆరంభమైన జీవన్ ప్రమాణ్ అను డిజిటల్ పత్రపు పద్ధతి మొదట వేలిముద్రలపైనను కంటిపాపపైనను ఆధారపడినది. 2021 నవంబరునుండి ముఖమును చూపి నిరూపించుకొను సదుపాయము వచ్చినది. ఒక మంచి ఆండ్రాయిడ్ ఫోనులో ఆధార్ ఫేస్ ఆర్‌.డి., జీవన్ ప్రమాణ్ అను రెండు యాప్‌లు ఉంచుకొన్నచో, ఇంటి వసారాలోనే పని ముగియును.

అయితే ఇక్కడ అనుభవజ్ఞులు చెప్పు కిటుకులు కొన్ని యున్నవి. ఉదయపు వెలుతురు ముఖముపై పడునట్లు కూర్చుండబెట్టుడు. కిటికీకి వీపు పెట్టినచో ముఖము నల్లబడును. కళ్లజోడు తీయింపుడు. వెనుక గోడ తెల్లగానుండి, మరియొకరి ముఖము కెమెరాలో పడకుండ చూడుడు. కంటిరెప్ప వేయుమని యాప్ అడుగును. ఆ మాట మీరు గట్టిగా, నెమ్మదిగా చెప్పుచుండుడు. కాఫీ త్రాగి, మందులు వేసికొని, మెలకువగా నున్న సమయమునే యెన్నుకొనుడు. మధ్యాహ్నపు నిద్రనుండి లేపి కూర్చుండబెట్టిన పెద్దవారి ముఖమును మనమే గుర్తుపట్టలేము, యంత్రమెట్లు గుర్తుపట్టును? ఇక వేలిముద్రయే శరణ్యమైన చోట, గోరువెచ్చని నీటితో చేతులు కడిగి, తడియు నూనెయు లేకుండ తుడిచి, పదివ్రేళ్ళను వరుసగా ప్రయత్నింపుడు. బొటనవ్రేలే కావలెనను నియమము లేదు. ఆధార్‌లో నమోదైన ముద్రలు పాతబడి, ఏ మార్గమును పనిచేయనిచో, వచ్చు సంవత్సరమునకైనను ముందుగా ఆధార్ కేంద్రమున వానిని నవీకరింపించుడు.

5. మంచము దిగలేనివారిని మోసికొనిపోవలదు. ఈ మాటను నేను నొక్కి చెప్పుచున్నాను. స్ట్రెచరుపై బ్యాంకునకు తేబడిన వృద్ధుల ఛాయాచిత్రములు పత్రికలలో చూచి మనము కన్నీరు పెట్టితిమి. కాని ఆ ప్రయాణము అవసరము లేకుండుటకు మార్గములున్నవని ఎందరికి తెలియును? డెబ్బది దాటినవారికి ఇంటివద్దనే సేవలందింపవలెననియు, అందులో జీవన ప్రమాణ పత్రము స్వీకరించుట యుండవలెననియు రిజర్వు బ్యాంకు 2017 నవంబరులోనే బ్యాంకులనాదేశించినది. బ్యాంకు మేనేజరునకు ఒక చిన్న అర్జీ వ్రాసి, దానిపై ముట్టినదను ముద్ర వేయించుకొనుడు. నోటిమాటతో అడిగిన "చూద్దాం లెండి" యను బదులే వచ్చును, ముద్రపడిన అర్జీకి మాత్రము జవాబుదారి యుండును. పోస్టుమేన్ ద్వారా ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకువారు 2020నుండి ఈ పనిని ఇంటివద్దనే 70 రూపాయల రుసుముతో చేయుచున్నారు. మీ వీధికి ఉత్తరములు తెచ్చు పోస్టుమేన్‌నే అడుగుడు.

యంత్రములేవియు పనిచేయనపుడు పాత కాగితపు మార్గము ఇంకను తెరిచియే యున్నది. కేంద్ర పింఛనుల విషయమున గెజిటెడ్ అధికారి, తహసీల్దారు, పోస్టుమాస్టరు మొదలైనవారు చూచి సంతకము చేసిన పత్రము చెల్లును. అట్టిచో పింఛనుదారు బ్యాంకునకు స్వయముగా పోనక్కరలేదు. సంతకము చేయలేని రోగిష్ఠి తన బ్యాంకు కాగితములపై బొటనవ్రేలి ముద్రయైనను, అదియును సాధ్యము కానిచో కాలివ్రేలి ముద్రయైనను, ఇద్దరు సాక్షుల సమక్షమున వేయవచ్చును. ఆ సాక్షులలో ఒకరు బాధ్యతగల బ్యాంకు ఉద్యోగియై యుండవలెను. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో కొడుకు నొద్ద నున్న తలిదండ్రులకు అక్కడి భారత రాయబార కార్యాలయపు అధికారియో నోటరీయో చూచి సంతకము చేసిన పత్రమును పంపినచో చాలును. ఇందుకొరకై విమానమెక్కి రానక్కరలేదు.

6. పుట్టిన తేదిని ఈ యేడే సరిచూచుకొనుడు. ఇది అన్నింటిలో చిక్కైనది; అందుచేత ఇక్కడ కొంత నిలిచి మాటాడుకొందము.

ఎనుబది దాటినవారికి వయస్సు ఒక గౌరవము మాత్రమే కాదు, హక్కు. కేంద్ర పింఛనుదారులకు 80 నిండినంతట మూల పింఛనుపై 20 శాతము, 85కు 30, 90కి 40, 95కు 50, నూరేండ్లకు 100 శాతము అదనముగా చెల్లవలెను. కుటుంబ పింఛనుకును ఇదే వర్తించును. రెండు తెలుగు రాష్ట్రముల విశ్రాంతోద్యోగులకు ఈ యదనము 70నుండియే మొదలగును, శాతములు వేరైనను. కేంద్రమువారి వృద్ధాప్య పింఛనులో సయితము 79 వరకు 200 రూపాయలుగా నున్న కేంద్ర భాగము 80 నిండగనే 500 అగును. కేంద్ర పింఛనులలో ఆ అదనము పుట్టినరోజునుండి కాక, ఆ నెల మొదటి తేదినుండియే లెక్కకు వచ్చును: 1945 సెప్టెంబరు 23న పుట్టినవారికి 2025 సెప్టెంబరు 1నుండి. మీ నాయనగారి ఖాతాలో అట్లు పెరిగినదా? పాసుపుస్తకము తీసి చూచితిరా?

తరచుగా పెరుగదు, ఏలయన పీ.పీ.ఓ.లో పుట్టిన తేదియే యుండదు. ముఖ్యముగా కుటుంబ పింఛను పొందు తల్లుల విషయమున ఈ లోపము కానవచ్చును. ఆ కాగితము తయారైననాడు గుమాస్తాగారు ఉద్యోగి పుట్టిన తేదిని వ్రాసిరి, భార్యపేరు మాత్రము వ్రాసి ఊరకుండిరి. ఆమెకు ఎనుబది వచ్చినదని కంప్యూటరునకు తెలియజెప్పువారెవరు? పాన్ కార్డు, పదవ తరగతి పత్రము, పాస్‌పోర్టు, పుట్టిన తేది గల డ్రైవింగు లైసెన్సు వంటివి వయస్సునకు సాక్ష్యముగా స్వీకరింపబడుచున్నవి. వానిలో ఒకటి జతచేసి బ్యాంకునకు అర్జీ పెట్టుడు.

ఏ పత్రమును లేని అవ్వ మాటయేమి? ఆమె పుట్టిననాటికి 1969 నాటి జననమరణముల నమోదు చట్టమే లేదు. ఆధార్ శిబిరమున ఎవరో "డెబ్బై ఉంటాయా?" అని యడిగి, సంవత్సరము వేసి, తేది స్థానమున జనవరి 1 అని ముగించిరి. ఆ తేదిని ఒక్కమారే మార్చుకొనవచ్చును గనుక తొందరపడి మార్పింపవలదు. ఆధార్‌లోని తేది వయస్సునకు నిర్ణాయకమైన సాక్ష్యము కాదని సుప్రీంకోర్టు 2024లో చెప్పిన సంగతియు గుర్తుంచుకొనుడు. ముందు అవ్వనే అడుగుడు. ఆమెకు ఇంగ్లీషు తేది తెలియకపోయినను, ఏ నామసంవత్సరమున పుట్టినదో తెలిసియే యుండును. "నేను పార్థివలో పుట్టా" నన్నచో 1945 ఉగాదినుండి 1946 ఉగాదివరకు. "విక్రమ" అన్నచో 1940–41. "యువ" అన్నచో 1935–36. మాసము, తిథి కూడ చెప్పినచో పాత పంచాంగమున దినమే దొరకును. తెలంగాణ పల్లెలలో "పోలీసు యాక్షన్ అప్పటికి నేను బడికి పోతున్న" అను మాట 1948 సెప్టెంబరును చూపును. ఇవి కార్యాలయమున చెల్లు సాక్ష్యములు కావు; కాని ఏ ఊరి పాఠశాలలో, ఏ సంవత్సరపు ప్రవేశ పట్టికను వెదకవలెనో తెలుపు దీపములు. పట్టికలో పేరు దొరికినంతట ప్రధానోపాధ్యాయుని సంతకముతో నకలు పొందుడు. పట్టికలో "సుబ్బమ్మ" అనియు, ఆధార్‌లో "సుబ్బలక్ష్మి" అనియు ఉన్నచో, ఆ రెండు పేర్లును ఒకరివేయను అఫిడవిట్టును కూడ అప్పుడే వ్రాయించుకొనుడు.

7. పత్రము పుట్టినంత మాత్రమున పని ముగిసినదనుకొనవలదు. ఫోనుకు ప్రమాణ్ సంఖ్య వచ్చినదనగా, పత్రము తయారైనదని మాత్రమే అర్థము. పింఛను చెల్లించు కార్యాలయము దానిని అంగీకరించినదని కాదు. పీ.పీ.ఓ. సంఖ్యలో ఒక అంకె తప్పినను, ఖాతా సంఖ్య మారినను తిరస్కరింపబడును. తన పింఛనును, భర్త మూలమైన కుటుంబ పింఛనును కలిపి పొందు తల్లికి రెండు పీ.పీ.ఓ.లకు రెండు పత్రములు వేర్వేరుగా కావలెను. ఒకటి చేసి మరియొకటి మరచిపోవుట సర్వసాధారణమైన పొరపాటు. వారము దినముల తరువాత అంగీకృతమైనదో లేదో విచారింపుడు. ఒకవేళ గడువు దాటి పింఛను నిలిచినను భయపడవలదు. పత్రము ఇచ్చినంతట నిలిచిన నెలల బకాయితో మరల మొదలగును.

8. ఫోనులో వచ్చు మధుర కంఠమును నమ్మవలదు. "మేము పింఛను ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాం, మీ లైఫ్ సర్టిఫికెట్ మేమే అప్‌డేట్ చేస్తాం, ఓటీపీ చెప్పండి" అను వంచకులు పింఛనుదారుని పీ.పీ.ఓ. సంఖ్యను, విశ్రాంతి గొన్న తేదిని సయితము ముందుగా చెప్పి నమ్మకము పుట్టింతురు. ఏ కార్యాలయమును ఫోనుపై ఓటీపీ అడుగదు. ఈ మాటను పెద్దవారికి ఒకమారు చెప్పిన చాలదు. పండుగకు పిల్లలందరు చేరినపుడెల్ల చెప్పుచుండుడు.

ఇంక చెప్పక తప్పని మాట ఒకటి మిగిలినది. అంకె వేయుటకు మనసొప్పక విడిగా నుంచితిని. ఆ పెద్దవారు గతించిన నాడు ఏమి చేయవలెను? దుఃఖమున మునిగియున్న యింటిలో పింఛను మాట ఎత్తుట కష్టమే. అయినను మరణమును 21 దినములలో నమోదు చేయించి, బ్యాంకునకు వ్రాతమూలముగా తెలుపుట మీ ధర్మము. మరణించిన దినమువరకు పింఛను వారిదే, వారసులకు చెల్లును. ఆ తరువాత ఖాతాలో పడిన ప్రతి రూపాయియు తిరిగి వసూలు చేయబడును. "ఖర్చులున్నాయి కదా, ఈ రెండు నెలలు ఏటీఎంలో తీసుకుందాం" అని యెవరైన సలహా యిచ్చినచో వినవలదు, అది అపరాధము. నాన్నగారి జీవితకాలపు గౌరవమును రెండు నెలల సొమ్మునకు అమ్ముకొనుట మీకు సమ్మతమా?

దినకర్మలు ముగిసిన తరువాత, అమ్మను వెంటబెట్టుకొని మరణ ధ్రువపత్రపు నకలుతో, నాన్నగారి పీ.పీ.ఓ.తో, వారిరువురి ఉమ్మడి ఖాతా పుస్తకముతో పొండు. ఉమ్మడి ఖాతా యున్నచో కుటుంబ పింఛనునకు అర్జీయు ధ్రువపత్రమును ఇచ్చిన చాలును; పింఛను ఆయన గతించిన మరునాటినుండియే ఆమెకు లెక్కింపబడును. ఆ దినముననే, ఆ కౌంటరు ముందు లేవకమునుపే, అమ్మ పుట్టిన తేది కొత్త కాగితములో ఎక్కినదో లేదో చూచుకొనుడు. ఆమెకు మరి రెండేండ్లలో ఎనుబది రానున్నవి.